ప్రమేయము: ఒక పదము, రెండు శాస్త్రములు



ఒకనాడు మా మనుమడు ఇంటర్మీడియట్ మొదటి సంవత్సరపు గణితపుస్తకము తెచ్చి, "తాతా, ఇది మీ తర్కశాస్త్రమే కదా!" అన్నాడు. మొదటి అధ్యాయము పేరు 'ప్రమేయాలు'. గౌతమమహర్షి న్యాయసూత్రములలో చెప్పిన పదునారు పదార్థములలో ప్రమాణము మొదటిది, ప్రమేయము రెండవది. నాకు గర్వము కలిగినది. "అన్నీ మన ఋషులు ఏనాడో చెప్పినారు నాయనా" అనబోయి, ఆగినాను.

ఎందుకు ఆగినాను? న్యాయదర్శనములో ప్రమేయమనగా ప్రమాణముచేత తెలియదగినది. ఆత్మ మొదలు అపవర్గము వరకు అట్టివి పన్నెండు. గణితములో ప్రమేయమనగా వేరు. ఒక సమూహములోని ప్రతిదానికి రెండవ సమూహములో ఒక్కటి మాత్రమే చెందునట్టి సంబంధము. శ్రీరామునికి తండ్రి ఎవరనిన దశరథుడొక్కడే, లక్ష్మణునికీ ఆయనయే. కనుక పుత్రుని నుండి తండ్రికి పోవు సంబంధము ప్రమేయము. దశరథునికి కుమారుడెవరనిన నలుగురున్నారు. కనుక తిరుగుసంబంధము ప్రమేయము కాదు.

పదమొకటైనంత మాత్రాన అర్థమొకటని వాదించుట వాక్ఛలము. 'నవకంబలుడు' అనగా క్రొత్త కంబళి కలవాడని చెప్పినవానితో, "తొమ్మిది కంబళ్లెక్కడ?" అని పేచీ పెట్టుట దానికి ఉదాహరణము. ఛలమును దోషమని చెప్పిన శాస్త్రమునకు ఛలముతో గౌరవము తెచ్చుట తగునా?

మరి రెండింటికి చుట్టరికమే లేదా? ఉన్నది. అది పేరులో కాదు, పనిలో ఉన్నది.

క్రీ.శ. 1879లో జర్మనీ దేశపు గణితవేత్త గాట్లోబ్ ఫ్రేగె తర్కమును గణితప్రమేయముల మీద నిలిపినాడు. 'తిరుపతి పట్టణము' అను వాక్యములో తిరుపతిని తీసి చోటు ఖాళీగా ఉంచుడు. అచ్చట చిత్తూరును ఉంచిన సత్యము, స్వర్ణముఖిని ఉంచిన అసత్యము. ఆ ఖాళీ గల వాక్యమే ప్రమేయము. సత్యాసత్యములు దాని ఫలితములు.

మన నవ్యన్యాయము 14వ శతాబ్దిలో మిథిలలో గంగేశోపాధ్యాయునితో స్థిరపడినది. వారు సంకేతాక్షరములు వాడలేదు. సంస్కృతభాషనే సానబట్టి, ఏ ధర్మము ఏ సంబంధముతో ఎచ్చట ఎంతవరకు ఉన్నదో 'అవచ్ఛేదక', 'నిరూపిత' మొదలగు పదములతో సందేహము లేకుండ చెప్పినారు. ఈ సామ్యమును, భేదమును పరిశీలించుచు హార్వర్డు పండితుడు డానియల్ ఇంగాల్స్ 1951లో ఒక గ్రంథమే వెలువరించినాడు.

ఆ శాస్త్రమును బాలురకు అందించినవాడు మన ఆంధ్రుడు, 17వ శతాబ్ది వాడైన అన్నంభట్టు. ఆయన తర్కసంగ్రహము నేటికీ దేశమంతటా తొలిపాఠము. పొగ ఉన్నచోట నిప్పు ఉన్నదనుట వ్యాప్తి. నిప్పు ఉన్నచోటనెల్ల పొగ ఉన్నదనరాదు. కాలిన ఇనుపగుండులో నిప్పున్నది, పొగ లేదు. తడికట్టె చేరిననే పొగ. ఒక్క ఇనుపగుండు చాలును, ఎంత పెద్ద సిద్ధాంతమైనను కూలుటకు.

ఫ్రేగెకు అట్టి ఇనుపగుండు 1902లో ఎదురైనది. ఆయన మహాగ్రంథము రెండవ సంపుటము అచ్చులో ఉండగా, బెర్ట్రాండ్ రస్సెల్ అను ఆంగ్లేయుడు లేఖ వ్రాసినాడు. తమలో తాము చేరని సమూహములన్నిటిని కూర్చిన సమూహము తనలో తాను చేరునా? చేరుననిన చేరదు, చేరదనిన చేరును! ఫ్రేగె కోపగించలేదు, దాచలేదు. 1903లో వెలువడిన ఆ సంపుటము చివర తన పునాదిలోని లోపమును తానే ప్రకటించినాడు.

గౌతముడు కథను మూడు విధములుగా చెప్పినాడు. గెలుపు కొరకు చేయునది జల్పము, తన పక్షము లేక ఖండించుట వితండ, తత్త్వము కొరకు చేయునది వాదము. వాదము చేసినవాడు ఏ దేశమువాడైనను మన శాస్త్రము మెచ్చినవాడే.

1961లో తిరుపతిలో వెలసి, 2020లో కేంద్రీయ విశ్వవిద్యాలయమైన సంస్కృత విద్యాపీఠములో నేటికీ న్యాయశాస్త్రము పాఠము చెప్పుచున్నారు. కంఠస్థము చేసినంతనే అది మనది కాదు. కాశికి పోయినంతనే అన్నంభట్టు కాలేడని పండితులలో నానుడి కదా!

మా మనుమనితో చివరకిట్లన్నాను: "ఇది మా ప్రమేయము కాదు నాయనా. నీది నాకు చెప్పు, నాది నీకు చెప్పెదను." ఆ సాయంకాలము నేను శిష్యుడనైనాను.

స్వస్తి.