కత్తిని సాక్ష్యం అడిగేవాళ్ళు

మా బావమరిది ఇంట్లో గోడకి ఒక కత్తి వేలాడుతూ ఉంటుంది. బొబ్బిలి యుద్ధం నాటిదట. అంటే 1757 జనవరి నాటిది. ప్రతి దసరాకీ దించి, పసుపు కుంకుమ పెట్టి, కొబ్బరికాయ కొట్టి మళ్ళీ తగిలిస్తాడు. ఇది వాళ్ళ తాతముత్తాతల నుంచి వచ్చిందేమీ కాదు. కొన్నేళ్ళ కిందట ఒక వ్యాపారి దగ్గర లక్షా ఎనభై ఐదు వేలకి కొన్నాడు. ఈమధ్య అదే వ్యాపారి "ఆ కత్తికి జోడీ బాకు దొరికింది, రెండు లక్షల నలభై" అన్నాడట. ఆ డబ్బు కూతురి ఎం.టెక్. కోసం బ్యాంకులో వేసి ఉంచింది. అందుకని మా చెల్లాయమ్మ, అంటే అతని భార్య, నాకు ఫోన్ చేసింది. "అన్నయ్యగారూ, మీరు డిఫెన్సులో పనిచేశారు కదా, ఒకసారి చూసి చెప్పండి" అని.

నేను డిఫెన్సులో పనిచేసిన మాట నిజమే. కానీ అకౌంట్స్ డిపార్టుమెంటులో. ముప్ఫై నాలుగేళ్ళ సర్వీసులో నేను చూసిన ఆయుధాలన్నీ స్టోర్సు లెడ్జర్లలో ఉన్నవే. పద్దులో ఉన్నది గోదాములో ఉందా, గోదాములో ఉన్నది పద్దులో ఉందా, అంతవరకే నా ప్రజ్ఞ. అయితే ఈ కత్తి పుణ్యమా అని ఒక వింత ప్రపంచం గురించి చదివాను. అది చెప్పి, ఆ తర్వాత కత్తి దగ్గరికి వస్తాను.

అమెరికాలో రీఎనాక్టర్లు అని ఉన్నారు. సెలవు రోజుల్లో 1770ల నాటి సిపాయిలుగా, కమ్మరులుగా, బొచ్చు వ్యాపారులుగా బట్టలు వేసుకుని, గుడారాలు వేసి, ఆ కాలంలో ఎలా బతికారో అలా బతికి చూపిస్తారు. వాళ్ళ స్వాతంత్ర్య యుద్ధ సైన్యాల్ని ఇలా పునఃసృష్టించే ఒక పెద్ద సంఘం 1962లోనే మొదలయింది. 1976లో ద్విశతాబ్ది ఉత్సవాలు వచ్చేసరికి ఇది ఊరూరా పాకింది. వీళ్ళకి ఆనాటి కత్తులు, గొడ్డళ్ళు, ఉలులు, రంపాలు కావాలి. అసలువి మ్యూజియంలలో ఉంటాయి. ఉన్నా వాటితో కట్టెలు కొట్టనివ్వరు. కాబట్టి నకళ్ళు చేసి అమ్మేవాళ్ళు పుట్టుకొచ్చారు.

ఇంతవరకూ ఇది మన నాటకాల కంపెనీ సామాను వ్యవహారంలాగే ఉంది. నన్ను ఆకట్టుకున్నది వేరే. వీళ్ళలో పట్టుదల ఉన్న బృందాలకి ఒక నియమం ఉంది. నువ్వు నడుముకి పెట్టుకున్న కత్తి ఆ ఏడాదిలో, ఆ ప్రాంతంలో, నువ్వు వేసిన వేషం స్థాయి మనిషి దగ్గర ఉండేదని ఆధారం చూపించాలి. "మా తాత చెప్పాడు" కుదరదు. "సినిమాలో చూశాను" అసలే కుదరదు. "ఉండి ఉండవచ్చు కదా" అంటే నవ్వుతారు. తవ్వకాల్లో దొరికిన ముక్కయినా కావాలి, ఆనాటి చిత్రమైనా కావాలి, లేకపోతే కాగితం కావాలి. ఈ పట్టుదల చూసి విసిగిపోయిన తోటివాళ్ళు వీళ్ళకి "దారప్పోగులు లెక్కపెట్టేవాళ్ళు" అని పేరు పెట్టారు. మా ఆఫీసులో ఆడిట్ వాళ్ళకి ఉన్న పేర్లతో పోలిస్తే అది చాలా మర్యాదైన పేరు.

ఆ కాగితాలేమిటంటే, పద్దు పుస్తకాలే! మనిషి చనిపోతే కోర్టు తరఫున ఇంట్లో సామానంతా రాసి విలువ కట్టిన జాబితాలు. దుకాణదారుల చిట్టాలు. ఓడల ఇన్‌వాయిసులు. 1670లో మొదలైన హడ్సన్స్ బే కంపెనీ తన రికార్డులన్నిటినీ దాచుకుంది. 1994లో వాటిని కెనడాలోని మానిటోబా రాష్ట్ర ఆర్కైవ్స్‌కి ఇచ్చేసింది. ఈ బొచ్చు వ్యాపారపు చిట్టాల్లో "స్కాల్పింగ్ నైఫ్" అనే మాట డజన్ల లెక్కన కనిపిస్తుంది. పేరు వింటే తల మీద చర్మం ఒలిచే భయంకరమైన కత్తి అనుకుంటాం. సినిమాలూ అలాగే చూపించాయి. నిజానికి అది ఇంగ్లండులో తయారై డజన్ల కొద్దీ వచ్చే చవక కత్తికి వ్యాపారులు పెట్టుకున్న సరుకు పేరు. ఒకవైపే పదును, మామూలు కర్ర పిడి. మాంసం కోసుకోవటానికి, తోళ్ళు ఒలవటానికి, పుల్లలు చెక్కటానికి వాడేవాళ్ళు. ఇలాంటి వివరం శౌర్యగాథల్లో దొరకదు, ధరల పట్టీలోనే దొరుకుతుంది.

సరే, నకలు ఎంతవరకు నకలు? ఇక్కడ కొంచెం లోహాల సంగతి చెప్పాలి. నాది బి.కాం., తప్పుంటే సరిదిద్దండి. 18వ శతాబ్దంలో ఉక్కు ప్రియం, ఇనుము చవక. అందుకని గొడ్డలి మొత్తం చేత ఇనుముతో చేసి, అంచుకి మాత్రం ఉక్కు ముక్కని కొలిమిలో అతికేవాళ్ళు. ఆ ఉక్కు ఎలా వచ్చేదంటే, ఇనుప కడ్డీలని బొగ్గుపొడిలో కప్పెట్టి రోజుల తరబడి ఎర్రగా కాలిస్తే బొగ్గు లోపలికి ఇంకేది. పైన బొబ్బలు లేచేవి కాబట్టి దాన్ని బొబ్బల ఉక్కు అనేవాళ్ళు. 1740లలో షెఫీల్డు దగ్గర బెంజమిన్ హంట్స్‌మన్ దాన్నే మూసలో కరిగించి సమమైన ఉక్కు తీశాడు. ఆయన ఊళ్ళో గడియారాలు చేసుకునేవాడు, స్ప్రింగుల కోసం తంటాలుపడి కనిపెట్టాడు.

ఇవాళ నకలు చేసేవాడు బజారులో దొరికే ఉక్కు పట్టీ తెచ్చి మొత్తం దానితోనే చేస్తాడు. ఆనాటి చేత ఇనుము కొందామన్నా కొత్తది దొరకదు. ఇంగ్లండులో బోల్టన్ ఊళ్ళోని చివరి కార్ఖానా 1973లో దాని తయారీ ఆపేసింది. పట్టుదల ఉన్న కమ్మరులు పాత వంతెనల చువ్వలు, పాత కంచెలు, లంగరు గొలుసులు వెతికి తెచ్చుకుని వాటినే కొలిమిలో కాల్చి సాగగొడుతున్నారు. నిజాయితీగల అమ్మకందారు ఈ తేడా ముందే చెప్తాడు: ఆకారం ఆనాటిది, ఉక్కు ఈనాటిది అని. స్టెయిన్‌లెస్ స్టీలుతో చేసి "పాతకాలపు కత్తి" అంటే మాత్రం ఎవరూ క్షమించరు. హారీ బ్రేర్లీ దాన్ని తయారు చేసింది 1913లో.

పనిముట్లలో నాకు బాగా నచ్చిన కథ బెంజమిన్ సీటన్ పెట్టెది. ఇంగ్లండులో చాతమ్ అనే ఊరి కుర్రాడు. వాళ్ళ నాన్న లండన్‌లో ఒక వ్యాపారి దగ్గర వడ్రంగి సామాను పూర్తి సెట్టు కొనిచ్చాడు. 1797లో ఈ కుర్రాడు వాటికి చక్కని పెట్టె చేసుకుని, ఒక్కొక్క వస్తువూ, దాని ధరా జాబితా రాసి పెట్టుకున్నాడు. తర్వాత వాటిని పెద్దగా వాడలేదు! అందుకే ఇవాళ్టికీ రోచెస్టర్ మ్యూజియంలో దాదాపు కొత్తవిగా ఉన్నాయి. పద్దు ఉంది, పద్దులో ఉన్న సరుకూ ఉంది. నా సర్వీసులో ఇంత శుభ్రంగా టాలీ అయిన స్టోరు చాలా తక్కువ. ఆ పెట్టెలో షెఫీల్డు కెన్యన్ రంపాలు ఉన్నాయి. ఈనాటి రంపాల తయారీదార్లు వాటిని కొలిచి అచ్చం అలాంటివే చేశారు.

పాత చేతి రంపాల కొన దగ్గర, వీపు మీద చిన్న ముక్కులాంటి పొడుపు ఒకటి ఉంటుంది. అదెందుకో? రంపం తొడుగుకి దారం కట్టటానికి అని ఒకరు, కోత మొదలుపెట్టటానికి గాటు పెట్టే మొన అని ఇంకొకరు, బరువు సమతూకానికి అని మరొకరు చెబుతారు. అమెరికాలో వందేళ్ళకి పైగా రంపాలు చేసిన డిస్టన్ కంపెనీ తన పుస్తకంలో దానికి పనేమీ లేదు, ఉత్త అలంకారం అని రాసేసింది. అయినా కథలు ఆగలేదు. మన గూర్ఖాల ఖుక్రీకి పిడి దగ్గర ఉండే గాటు కూడా ఇంతే. శివుడి త్రిశూలం అంటారు, ఆవు గిట్ట అంటారు, నెత్తురు పిడిదాకా జారకుండా అంటారు. ఖుక్రీ ఒర నుంచి తీస్తే నెత్తురు చూడకుండా పెట్టకూడదట. అదే ఖుక్రీతో పల్లెల్లో కూరగాయలూ కట్టెలూ కొడుతున్నారు. దోసకాయకి నెత్తురెక్కడిది?

ఖుక్రీ అంటే డెహ్రాడూన్ గుర్తొచ్చింది. అక్కడ 1943లో సైన్యానికి ఖుక్రీలు సరఫరా చెయ్యటంతో మొదలైన ఒక కంపెనీ, తర్వాత్తర్వాత చారిత్రక కత్తుల నకళ్ళు చేసి ప్రపంచమంతా అమ్మే స్థాయికి వచ్చింది. అమెరికా రీఎనాక్టర్లు వాడే బ్రౌన్ బెస్ తుపాకుల నకళ్ళు కూడా చాలావరకు మన దేశంలో తయారై వెళ్ళినవే. మందు అంటుకునే రంధ్రం వెయ్యకుండా "పేలనివి"గా పంపిస్తారు, అక్కడ కొన్నాక రంధ్రం వేయించుకుంటారు. దారప్పోగుల వాళ్ళు వీటికి కర్ర లావెక్కువ, వంపు తప్పు అని పేర్లు పెడతారు. కానీ ధర చూసి కొత్తవాళ్ళు కొంటారు. ఒకప్పుడు షెఫీల్డు, బర్మింగ్‌హామ్ సరుకు వలసలన్నిటినీ ముంచెత్తింది. ఇప్పుడు ఒక పాత వలస దేశం ఇంకో పాత వలస దేశానికి వలసకాలపు సామాను చేసి అమ్ముతోంది.

వీళ్ళని నేను దేవుళ్ళని చెయ్యటం లేదు. వర్జీనియాలో విలియమ్స్‌బర్గ్ అనే ఊరిని 1926 నుంచి రాక్‌ఫెల్లర్ డబ్బుతో 18వ శతాబ్దపు ఊరిగా తిరిగి కట్టారు. కొలిమి, తిత్తి, సుత్తి అన్నీ సరిగ్గా ఉన్నాయి. గోడల రంగుల్ని కూడా సూక్ష్మదర్శినిలో పరీక్షించి, ముందు వేసిన రంగులు తప్పని తేలితే మార్చారు. అది మెచ్చుకోవలసిందే. కానీ విప్లవం నాటికి ఆ ఊరి జనంలో సుమారు సగం నల్లవాళ్ళు, వాళ్ళలో దాదాపు అందరూ బానిసలు. ఆ సంగతి చాలా ఏళ్ళు సందర్శకులకి సరిగా కనపడలేదు. 1994లో బానిసల వేలాన్ని ప్రదర్శిస్తే పెద్ద గొడవే అయింది. సుత్తి ఆకారానికి సాక్ష్యం అడిగినవాళ్ళు ఆ సుత్తి ఎవరు ఎత్తారో అడగటానికి అంతకాలం పట్టింది.

మన దగ్గర కూడా కమ్మరి పేరు ఎక్కడుంది చెప్పండి? నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో మూసల్లో ఉక్కు తీసేవాళ్ళు. హెన్రీ వాయ్‌సీ అనే సర్వే ఉద్యోగి చూసి రాసినది 1832లో కలకత్తాలో అచ్చయింది. ఇస్ఫహాన్ నుంచి వచ్చిన వ్యాపారి అక్కడే మకాం వేసి ఉక్కు కొనుక్కుపోయేవాడట. మన 'ఉక్కు' మాటే ఇంగ్లీషులో 'వూట్జ్' అయిందని పండితులు అంటారు. ఫారడే 1819లో దాన్ని విశ్లేషించాడు. 2006లో జర్మనీ శాస్త్రవేత్తలు ఒక పాత డమాస్కస్ కత్తిలో కార్బన్ నానోట్యూబులు కనిపించాయని ప్రకటించగానే మనవాళ్ళు "మా పూర్వీకులకి నానో టెక్నాలజీ తెలుసు" అని ఎగిరారు. కొలిమిలో ఏర్పడటం వేరు, తెలిసి ఏర్పరచటం వేరు. పెరుగు తోడుపెట్టే మా అమ్మకి మైక్రోబయాలజీ తెలుసని అనం కదా. ఆ ఉక్కు మీద అలల గీతలు రావటానికి వెనేడియం లాంటి అతి స్వల్ప మలినాలు కారణమని వెర్‌హోవెన్ అనే అమెరికన్ శాస్త్రవేత్త, పెండ్రే అనే కత్తుల కమ్మరి కలిసి 1990లలో మళ్ళీ చేసి చూపించారు. ఆ ఖనిజం మారితే గీతలు రావు. ఎందుకు రావటం లేదో పాత కమ్మరికి తెలిసే మార్గం లేదు.

ఇవాళ "డమాస్కస్" పేరుతో అమ్మేది చాలావరకు ఇది కాదు. రెండు రకాల ఉక్కు పొరలు అతికి, మెలితిప్పి, ఆసిడ్‌లో ముంచితే వచ్చే గీతలవి. అందంగానే ఉంటాయి. అయితే మూస ఉక్కుకీ వాటికీ చుట్టరికం లేదు.

ఇక మా బావమరిది కత్తి. దించమన్నాను. ఆ రోజు దసరా కాదు కాబట్టి కొంచెం మొహమాటపడి దించాడు. అలల గీతలు అంగుళం అంగుళానికీ ఒకే వరసలో ఉన్నాయి. తుప్పు చేతికి కనపడే చోటల్లా ఉంది, పిడి కింద సందులో లేదు. మన పాత తల్వార్లకి కత్తి తోకని పిడిలో లక్క లాంటి జిగురు పోసి బిగించేవాళ్ళు. దీనికి పిడి చివర బొడిపె తిప్పితే మరచుట్లు ఉన్న నట్టు బయటపడింది.

"మధ్యలో ఎవరో రిపేరు చేయించి ఉంటారు బావగారూ" అన్నాడు.

అనొచ్చు. ఒక్కొక్క ఆధారానికీ ఒక్కొక్క సాకు దొరుకుతుంది. "బిల్లు ఉందా?" అన్నాను. నాకు తెలిసిన విద్య అదొక్కటే. బీరువాలోంచి తీసి ఇచ్చాడు. బొబ్బిలి మాట బిల్లులో లేదు. "అలంకరణ కత్తి, హస్తకళా వస్తువు, ఒకటి" అని ఉంది.

వందేళ్ళు దాటిన వస్తువు 1972 చట్టం ప్రకారం పురావస్తువు. దాన్ని వ్యాపారం చెయ్యాలంటే లైసెన్సు కావాలి, విదేశాలకి పంపటం నిషేధం. అందుకే నకళ్ళు ఎగుమతి చేసేవాళ్ళు ఇది పురావస్తువు కాదు అని పురావస్తు శాఖ నుంచి సర్టిఫికెట్ తీసుకుంటూ ఉంటారు. మన వ్యాపారి నోటితో 1757 అన్నాడు, చేతితో హస్తకళ అని రాశాడు. నోటిమాటకి కోర్టు అడగదు, రాతకి అడుగుతుంది కనుక రాతలో నిజం చెప్పాడు.

మా బావమరిది చాలాసేపు మాట్లాడలేదు. చెల్లాయమ్మ కాఫీ తెచ్చి పెట్టి లోపలికి వెళ్ళిపోయింది. చివరికి "అయితే ఏడేళ్ళు దీనికి కొబ్బరికాయలు కొట్టానా?" అన్నాడు. బాధగా ఉంది గానీ, ఏం చెప్పను? కొబ్బరికాయలు ఎక్కడికీ పోలేదు, పచ్చడి చేసుకుని తిన్నారు కదా అన్నాను. నవ్వలేదు.

బాకు కొనలేదు. అమ్మాయి ఫీజు కట్టారు. వ్యాపారి మీద ఫిర్యాదు ఇద్దామంటే వద్దన్నాడు, నలుగురిలో నవ్వులపాలవుతానని. కత్తి ఇప్పటికీ గోడకే ఉంది. మొన్న వెళ్ళినప్పుడు చూశాను, నట్టు మళ్ళీ బిగించి ఉంది, పక్కింటాయనకి దాన్ని చూపిస్తూ "డెహ్రాడూన్ వైపు పనితనం అండీ, పొరలు చూడండి ఎలా మెలితిప్పాడో" అంటున్నాడు. డెహ్రాడూన్‌దని ఆధారం ఏముందని అడగబోయి ఊరుకున్నాను.