మిడ్‌షిప్‌మన్: ఓడపై పాఠశాల

యుద్ధనౌకల కథలు వినిన శ్రోతలకు 'మిడ్‌షిప్‌మన్' అను మాట క్రొత్త కాదు. ఓడ నడిమి భాగమున నుండువాడని దానికి అర్థము. అతడు సామాన్య నావికుడు కాడు. పూర్తిగా అధికారియు కాడు. అధికారి యగుటకై ఓడపై శిక్షణ పొందు యువకుడు. అతని చరిత్రను కొంత చెప్పదలచితిమి.

పదునేడవ శతాబ్దమున ఇంగ్లండులో, సముద్రానుభవము లేకున్నను, గొప్పవారి సిఫారసుచే కొందరు లెఫ్టినెంట్లగుచుండిరి. నౌకాశాఖలో ఉన్నతోద్యోగి యగు సామ్యూల్ పెపీస్ 1677లో దీనికి అడ్డుకట్ట వేసెను. ఆ పదవి కోరువాడు కనీసము మూడేండ్లు సముద్రముపై పనిచేసి, అందు కొంతకాలము మిడ్‌షిప్‌మన్‌గా నుండి, పరీక్షలో నెగ్గవలెనని నియమమేర్పడెను. పలుకుబడి మాత్రము పూర్తిగా పోలేదు. నెల్సన్ 1771లో 12వ యేట చేరినది తన మేనమామ ఓడలోనే. అయినను 1777లో అతడును పరీక్ష నిచ్చియే లెఫ్టినెంటయ్యెను.

మధ్యాహ్నమున సూర్యుని యెత్తు కొలిచి అక్షాంశము లెక్కగట్టుట, దినచర్య వ్రాయుట, ఫిరంగుల జట్టును కనిపెట్టుట, పడవను నడిపించుట ఆ బాలుని పనులు. ముడులు వేయుట నేర్పినవాడు ముసలి నావికుడు. మరునాడు ఆ నావికునికే ఆజ్ఞ యిచ్చువాడు ఆ శిష్యుడు. బాధ్యత వహించుచునే నేర్చుకొనుట ఆ శిక్షణకు ప్రాణము.

దాని మూల్యమును మరువరాదు. 1914 ఆగస్టులో యుద్ధము రాగానే డార్ట్‌మత్ నౌకా కళాశాల బాలురను ఓడలకు పంపిరి. సెప్టెంబరు 22న యు-9 అను జర్మను జలాంతర్గామి ఉత్తర సముద్రమున అబూకిర్, హోగ్, క్రెస్సీ అను మూడు క్రూజర్లను రెండు గంటలలోపుననే ముంచెను. 1,400 మందికి పైగా మరణించిరి. వారిలో ఆ బాలురును కలరు. వైకమ్-మస్‌గ్రేవ్ అను 15 ఏండ్ల బాలుడు అబూకిర్ మునుగగా హోగ్‌ను, అదియు మునుగగా క్రెస్సీని చేరెను. అదియు మునిగెను. తుదకు ఒక డచ్చి పడవవారు అతనిని రక్షించిరి.

నేడు పండ్రెండేండ్ల బాలురను యుద్ధనౌక లెక్కించు వాడుక లేదు. మన భారత నౌకాదళమునందును మిడ్‌షిప్‌మన్ అను పేరు నిలిచియున్నది. కాని చేరువారు పాఠశాల చదువు ముగించినవారు. చిన్నవారికి బాధ్యత నప్పగించిననే వారు పెద్దవారగుదురన్న మాట నిజము. ఏ వయసున ఎంత భారము మోపవలయునో యెరుగుట పెద్దల బాధ్యత. ఈ రెండవ పాఠమును నౌకాదళములు ఆలస్యముగా నేర్చుకొనెనని మా తలంపు.