గోడలో కట్టిన ఉత్తరాల గూడు

చిత్రసీమ మద్రాసులో ఉన్న రోజుల్లో సంభాషణల కాగితాలు మనుషుల చేతులమీదుగా ప్రయాణం చేసేవి. ఇప్పుడు జూబిలీ హిల్సులో రచయిత బల్లమీద టైపయిన సన్నివేశం, ఫిల్మ్ నగర్‌లో దర్శకుని జేబులో ఉన్న ఫోనుకు క్షణంలో చేరుతున్నది. కాని 2010 ప్రాంతంలో ఇట్లా వచ్చిన తెలుగు ఉత్తరాన్ని ఆండ్రాయిడ్ ఫోనులో తెరిచినవారికి, చాలా ఫోన్లలో, అక్షరాలకు బదులు ఖాళీ చతురస్రాల వరుస కనిపించేది. ఉత్తరం చెడిపోలేదు, ఫోనూ చెడిపోలేదు. మరి లోపం ఎక్కడున్నది? ఉత్తరాలు చదివే యాప్‌ను మారిస్తే పోతుందా? అసలు ఆ యాప్‌ను తీసివేయబోతే మనం కొన్న ఫోనే మనకు అడ్డు చెప్పడమేమిటి? ఈ ప్రశ్నల వెనుక అర్ధశతాబ్దికి మించిన చరిత్ర ఉన్నది.

తపాలా వేరు, గూడు వేరు

1971లో అమెరికాలో రే టామ్లిన్‌సన్ అనే ఇంజనీరు ఒక కంప్యూటరునుంచి మరొక కంప్యూటరుకు ఉత్తరం పంపే ప్రోగ్రాము వ్రాశాడు. మనిషి పేరును యంత్రం పేరునుంచి విడదీయడానికి ఆయన ఎన్నుకున్న ‘ఎట్’ గుర్తు నేటికీ మన చిరునామాలలో నిలిచి ఉన్నది. 1982లో ఉత్తరాలు పంపే పద్ధతికి ఎస్.ఎమ్.టి.పి. అనే ప్రమాణం ఏర్పడినది. వచ్చిన ఉత్తరాలను తెచ్చుకొనడానికి 1984లో పాప్ పద్ధతి, 1986లో స్టాన్‌ఫర్డులో మార్క్ క్రిస్పిన్ రూపొందించిన ఐమాప్ పద్ధతి వచ్చినవి. పాప్ పద్ధతిలో మనం తపాలా కచేరీకి వెళ్లి మన ఉత్తరాలను ఇంటికి తెచ్చుకుంటాము. ఐమాప్ పద్ధతిలో ఉత్తరాలు కచేరీలోనే ఉంటాయి. ఏ కిటికీలోనుంచి చూచినా అవే కనిపిస్తాయి.

ఈ ప్రమాణాలు ఏ ఒక్కరి సొత్తూ కావు. ఎవరైనా వాటిని చదివి, తమకు నచ్చిన రీతిలో ఉత్తరాలు చూపే ప్రోగ్రాము వ్రాసుకొనవచ్చు. కనుక ఉత్తరాల యాప్ అంటే తపాలా శాఖ కాదు. మన ఇంట్లో ఉత్తరాలు పెట్టుకునే గూడు మాత్రమే. గూడు మార్చినంత మాత్రాన చిరునామా మారదు, ఐమాప్ పద్ధతిలోనైతే ఉత్తరాలూ పోవు. మన దేశంలో 1995 ఆగస్టు 15న విదేశ్ సంచార్ నిగమ్ ప్రజలకు ఇంటర్నెట్ సౌకర్యం కల్పించిన తరువాత, కంప్యూటరు గలవారందరూ ఈ స్వేచ్ఛను అనుభవించినవారే. నచ్చని ప్రోగ్రామును తీసివేసి మరొకటి పెట్టుకోవడం అప్పుడు పెద్ద విశేషమే కాదు.

వేరు అనే అధికారం

1969లో బెల్ పరిశోధనాలయంలో కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీ ‘యూనిక్స్’ అనే వ్యవస్థను ఆరంభించారు. ఒకే యంత్రాన్ని అనేకులు వాడుకునే కాలమది. ఒకరి పనిని మరొకరు చెరపకుండా ఒక్కొక్కరికి ఒక్కొక్క హద్దు పెట్టారు. హద్దులన్నిటినీ దాటగల నిర్వాహకునికి ‘రూట్’ అని పేరు. రూట్ అంటే వేరు. ఫైళ్ల అమరిక చెట్టువలె కొమ్మలు కొమ్మలుగా ఉంటుంది. దాని మొదలు ఎవరి చేతిలో ఉంటే చెట్టంతా వారిదే.

యూనిక్స్ బాటలోనే 1991లో లినస్ టోర్వాల్డ్స్ ‘లినక్స్’ను ఆరంభించాడు. 2007 నవంబరులో గూగుల్, మరికొన్ని కంపెనీలు కలిసి ప్రకటించిన ఆండ్రాయిడ్‌కు పునాది ఈ లినక్సే. మొదటి ఆండ్రాయిడ్ ఫోను జి-1 2008లో అమెరికాలో వచ్చినది. 2009లో హెచ్.టి.సి. మ్యాజిక్ అనే ఫోనుతో ఆండ్రాయిడ్ మన దేశంలో అడుగుపెట్టినది. పునాదితోబాటు రూట్ అధికారం కూడా ఫోనులోకి వచ్చినది గదా! అయితే ఆ తాళంచెవి కొన్నవానికి ఇవ్వలేదు.

ఎందుకు ఇవ్వలేదు? ఫోనులోని జ్ఞాపక స్థలాన్ని కొన్ని అరలుగా విభజిస్తారు. మనం చేర్చుకునే యాప్‌లు, ఫోటోలు, ఉత్తరాలు ‘డేటా’ అనే అరలో ఉంటాయి. కర్మాగారంలోనే అమర్చిన యాప్‌లు ‘సిస్టమ్’ అనే అరలో ఉంటాయి. ఈ రెండవ అర చదవడానికే గాని వ్రాయడానికి వీలుకాదు. ఫోను ఎంత పాడైనా, డేటా అరను తుడిచివేస్తే కొన్ననాటి స్థితికి రావాలంటే, సిస్టమ్ అర చెక్కుచెదరకుండా ఉండాలి. పాత ఇళ్లలో దీపపు గూడు గోడలోనే కట్టి ఉండేది. పెట్టెనైతే బయట పారవేయవచ్చు. గూడును తీయాలంటే గోడ పగలగొట్టవలసిందే.

గోడ పగిలిన రోజు

2008 నవంబరులో ఒక విచిత్రం బయటపడినది. జి-1 ఫోను వాడే ఒకరు స్నేహితురాలికి జవాబు వ్రాస్తూ ‘రీబూట్’ అని టైపు చేశారు. వెంటనే ఫోను ఆగిపోయి తిరిగి మొదలైనది! విచారించగా, మీటలమీద నొక్కిన ప్రతి మాటా, తెరమీద ఏ యాప్ ఉన్నా సరే, తెర వెనుక రూట్ అధికారంతో నడిచే ఆజ్ఞల ద్వారానికి కూడా చేరుతున్నదని తేలినది. గూగుల్ త్వరలోనే ఈ లోపాన్ని సరిదిద్దినది. కాని ఆ సందులోనుంచి లోపలికి వెళ్లినవారు ఫోను వ్యవస్థనే మార్చివేయడం నేర్చుకున్నారు. 2009లో స్టీవ్ కాండిక్ తయారుచేసిన సయనోజెన్‌మాడ్ ఈ విద్యకు పెద్ద పీఠమైనది. 2016 చివర దాని స్థానంలో లీనియేజ్ ఓ.ఎస్. వచ్చినది.

అదే 2008లో జెస్సీ విన్సెంట్ అనే ప్రోగ్రామరు మరొక మార్గం పట్టాడు. జి-1లో జీమెయిల్‌కు ఒక యాప్, తక్కిన చిరునామాలకు ‘ఈమెయిల్’ అనే మరొక యాప్ ఉండేవి. ఈ రెండవదానిలో కొరతలు కనిపించినవి. దాని మూలపాఠం అందరికీ తెరిచి ఉన్నది కనుక, ఆయన దానిని తీసుకొని, సరిదిద్ది, ‘కె-9 మెయిల్’ అనే పేరుతో విడుదల చేశాడు. ఒక బ్రిటిష్ టెలివిజన్ కథలోని యంత్రపు కుక్క పేరు అది.

పేరు ఎందుకు మార్చవలసివచ్చినది? ఆండ్రాయిడ్‌లో ప్రతి యాప్‌కూ దాని కర్త రహస్య ముద్ర ఒకటి వేస్తాడు. అదే పేరుతో మరొక ముద్ర గల యాప్ వస్తే ఫోను త్రోసిపుచ్చుతుంది. లేకపోతే ఉత్తరాల యాప్ వేషంలో దొంగ ప్రోగ్రాము దూరగలదు. అందుచేత కె-9 పాతదాని ప్రక్కన కాపురం పెట్టినదేగాని దాని స్థానంలో కూర్చోలేదు. ఇంతవరకు రూట్‌తో పని లేదు. పాత యాప్‌ను సమూలంగా తొలగించడానికే రూట్ కావలసివచ్చినది. ఇందులో ఒక వింత గమనించండి. సిస్టమ్ అరలోనుంచి యాప్‌ను తీసివేసినా, అక్కడ ఖాళీ అయిన చోటు మన డేటా అరకు కలవదు. స్థలం మిగులుతుందని గోడ పగలగొట్టినవారికి మిగిలింది గోడలోని బొరియ మాత్రమే.

తెలుగు అక్షరాల సంగతి

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వద్దాము. చతురస్రాలు చూచి విసిగిన తెలుగువాడు ఉత్తరాల యాప్ మార్చి చూచేవాడు. కొత్త యాప్‌లోనూ చతురస్రాలే! ఎందుకంటే అక్షరాలు గీసేది యాప్ కాదు, దాని క్రింద ఉన్న వ్యవస్థ. 1991 నాటి మొదటి యూనికోడ్‌లోనే తెలుగు అక్షరాలకు సంఖ్యలు కేటాయించారు. కాని సంఖ్య ఉంటే చాలదు. దానికి రూపమిచ్చే ఫాంటు ఫోనులో ఉండాలి. ఫాంట్లు ఉండేది సిస్టమ్ అరలోనే. కనుక రూట్ అధికారం సంపాదించి తెలుగు ఫాంటును అక్కడ చేర్చేవారు.

అంతటితో కథ ముగియలేదు. ‘స్త్రీ’ అన్న ఒక్క అక్షరాన్ని చూడండి. యూనికోడ్‌లో అది స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం అని ఆరు సంఖ్యలు. వాటిని ఒక ముద్దగా కూర్చి, వత్తులను వాటి చోట నిలిపే ప్రోగ్రాము వేరే కావాలి. అది లేకపోతే ఫాంటు ఉన్నా వత్తులు విడివిడిగా పడి, చదవడం నరకమయ్యేది. ఒపేరా మినీ అనే బ్రౌజరులో, అక్షరాలను దూరాన ఉన్న యంత్రంలోనే బొమ్మలుగా గీయించి తెప్పించుకునే సదుపాయం ఉండేది. చాలామంది దానితో కాలక్షేపం చేశారు. చివరకు 2012లో వచ్చిన ఆండ్రాయిడ్ 4.1లో కన్నడ, మలయాళాలతోపాటు తెలుగుకూ చోటు దొరికినది. తాళంచెవి ఎవరిదన్న ప్రశ్న ఆనాడు మన భాషకు వేడుక కాదు, అవసరం.

కొత్త తాళాలు

2011లో ఆండ్రాయిడ్ 4.0 మధ్యేమార్గం చూపినది. చాలా యాప్‌లను తీయలేకపోయినా ‘నిలిపివేయ’వచ్చు, గూడు గోడలోనే ఉంటుంది, తలుపు మూసి ఉంటుంది. మరొకవంక తాళాలు బిగిసినవి. ఫోను మేలుకునేటప్పుడు సిస్టమ్ అరలో మార్పు జరిగినదా అని లెక్కకట్టి చూచే ఏర్పాటు 2013లో ప్రవేశించి, 2016లో వచ్చిన ఆండ్రాయిడ్ 7తో కఠినమైనది. దానికి జవాబుగా అదే ఏడు జాన్ వూ అనే విద్యార్థి ‘మ్యాజిస్క్’ తెచ్చాడు. అది అసలు అరను తాకకుండా పైన తెర కప్పినట్లు మార్పులు చూపుతుంది. అయినా రూట్ చేసిన ఫోనును పసిగట్టి పనిచేయ నిరాకరించే బ్యాంకు యాప్‌లు అనేకం. వాటి భయం నిరాధారం కాదు. మనకు దొరికిన రూట్ మనం తెలియక పెట్టుకున్న దొంగ యాప్‌కూ దొరకవచ్చు. విడుదల కాని సినిమా సంభాషణలు ఉన్న ఫోనుకు అది చిన్న ప్రమాదమా?

వివాదం న్యాయస్థానాలకూ ఎక్కినది. 2022 అక్టోబరు 20న భారత కాంపిటీషన్ కమిషన్ ఆండ్రాయిడ్ వ్యవహారంలో గూగుల్‌కు 1,337.76 కోట్ల రూపాయల జరిమానా విధించినది. ముందే అమర్చిన తన యాప్‌లను వినియోగదారు తీసివేయడానికి గూగుల్ అడ్డురాకూడదని కూడా ఆదేశించినది. 2023 మార్చి 29న అప్పీలు ట్రిబ్యునల్ జరిమానాను సమర్థించి, ఆదేశాలలో కొన్నిటిని కొట్టివేసినది. యాప్‌ల తొలగింపు ఆదేశం కొట్టివేసినవాటిలో ఒకటి.

ఈలోగా ఆ పాత గూడు ఏమైనది? 2014లో ఆండ్రాయిడ్ 5.0తో జీమెయిల్ యాప్ అన్ని చిరునామాల పనీ తానే తీసుకున్నది. ‘ఈమెయిల్’ యాప్ మూలపడినది. దాని బిడ్డ కె-9 మాత్రం బ్రతికి, 2022లో థండర్‌బర్డ్ సంస్థలో చేరినది. 2024 అక్టోబరులో అదే ఆండ్రాయిడ్ థండర్‌బర్డ్‌గా వెలువడినది. గోడలు పగలగొట్టినవారు అనేకులు. పదహారేళ్లు నిలిచినది మాత్రం తెరిచి ఉన్న మూలపాఠాన్ని చదివి, సరిదిద్ది, ప్రక్కన మరొక గూడు కట్టినవాని పని. ఉత్తరాల పెట్టె నచ్చనివారు ఈనాడు రూట్ జోలికి పోనక్కరలేదు. పాతదాన్ని నిలిపివేసి కొత్తది పెట్టుకుంటే చాలు. కాని ఫోను తన భాషనే చూపలేనప్పుడు, గోడ లోపల ఏమున్నదో తెలుసుకునే హక్కు కొన్నవానికి ఉండాలన్న మాట, చతురస్రాలు చూచిన తెలుగువారికి వేరే చెప్పనక్కరలేదు.