భక్త సింగ్

భక్త సింగ్ (జూన్ 6, 1903 - సెప్టెంబర్ 17, 2000) ఇరవయ్యవ శతాబ్దానికి చెందిన ప్రముఖ భారతీయ క్రైస్తవ ప్రబోధకుడు. పంజాబులో ఒక సిక్కు కుటుంబంలో జన్మించిన ఈయన తన జీవితపు ఉత్తరార్ధాన్ని తెలుగువారి మధ్య, హైదరాబాదు - సికింద్రాబాదు జంటనగరాలలో గడిపాడు. ముషీరాబాదులో గోల్కొండ క్రాస్ రోడ్స్ వద్ద గల హెబ్రోను ఈయన సేవకు కేంద్రం. విద్యార్థి దశలో క్రైస్తవులను అపహాస్యం చేసిన ఈయన, తరువాత అదే విశ్వాసాన్ని స్వీకరించి స్వజనుల తిరస్కారానికి గురయ్యాడు. ఆ తిరస్కారాన్ని ద్వేషం లేకుండా సహించడం, అయితే దానికి భయపడి విశ్వాసాన్ని దాచకపోవడం ఈయన జీవితంలో ప్రధానంగా కనిపించే అంశాలు.

బాల్యం, విద్య

భక్త సింగ్ ప్రస్తుతం పాకిస్తాన్‌లో ఉన్న పంజాబు ప్రాంతంలోని జోయా గ్రామంలో జన్మించాడు. క్రైస్తవ మిషను పాఠశాలలో ఏడు సంవత్సరాలు చదివి, అక్కడి వసతిగృహంలో ఉన్నప్పటికీ ఆ మతం పట్ల ఆయనకు గౌరవం కలుగలేదు. తోటి విద్యార్థులతో కలిసి బైబిలు ఉపాధ్యాయులను, పాదిరీలను ఎగతాళి చేసేవాడు. ఇంటర్మీడియట్‌లో ఉత్తీర్ణుడైనప్పుడు బహూకరించిన బైబిలు పుటలను చించివేసి, అందంగా ఉన్న తోలు అట్టను మాత్రం ఉంచుకున్నాడు. ఈ సంగతులను తరువాతి కాలంలో ఆయనే తన సాక్ష్యంలో దాపరికం లేకుండా చెప్పుకున్నాడు.

1926లో ఇంజనీరింగు చదువు కోసం లండను వెళ్ళాడు. కుమారుడు విదేశంలో మతం మారతాడేమోనని తల్లి భయపడగా, అలా జరగదని మాట ఇచ్చాడు.

విశ్వాస స్వీకారం

1929లో వ్యవసాయ ఇంజనీరింగు అభ్యసించడానికి కెనడా చేరాడు. ఆ సంవత్సరం డిసెంబరులో విన్నిపెగ్ నగరంలో కొత్త నిబంధన చదువుతూ ఉండగా ఆయనలో పరివర్తన కలిగింది. 1932లో వాంకోవరులో బాప్తిస్మం పొందాడు.

కుటుంబ తిరస్కారం

1933 ఏప్రిల్ 6న భక్త సింగ్ బొంబాయి రేవులో దిగాడు. ఆయనను కలుసుకోవడానికి వచ్చిన తల్లిదండ్రులు, కుటుంబ గౌరవం నిమిత్తం విషయం రహస్యంగా ఉంచమని కోరారు. ఇంటిలో బైబిలు చదువుకోవడానికి వారికి అభ్యంతరం లేదు. నలుగురికీ తెలియకుండా ఉంటే చాలు. ఆయన అందుకు అంగీకరించలేదు. తల్లిదండ్రులు ఆయనను వదిలి వెళ్ళిపోయారు. ఉన్నత విద్యావంతుడైన ఆయన ఉద్యోగ ప్రయత్నం మాని, మొదట బొంబాయి వీధులలోను, తరువాత సింధు, పంజాబు ప్రాంతాలలోను ప్రబోధిస్తూ తిరిగాడు.

బైబిలు నేపథ్యం

అపహాస్యాన్ని ఎదుర్కొనడం క్రైస్తవ బోధలో ముఖ్యమైన విషయం. సువార్తల ప్రకారం రోమా సైనికులు యేసుకు ముళ్ళకిరీటం పెట్టి, రాజని వెక్కిరించారు. హింసించేవారి కొరకు ప్రార్థించాలని కొండమీది ప్రసంగం బోధిస్తుంది. దూషణకు ప్రతిదూషణ చేయని క్రీస్తును ఆదర్శంగా తీసుకోవాలని పేతురు మొదటి పత్రిక చెబుతుంది. అయితే ఈ బోధలో సహనమంటే మౌనంగా లొంగిపోవడం కాదు. అదే పత్రిక, విశ్వాసాన్ని గురించి అడిగినవారికి సాత్వికంతో సమాధానం చెప్పడానికి సిద్ధంగా ఉండాలని కూడా అంటుంది. బొంబాయి రేవులో భక్త సింగ్ తీసుకున్న నిర్ణయంలో ఈ రెండు అంశాలూ కనిపిస్తాయి.

హెబ్రోను, ప్రేమవిందు

1937లో పంజాబులోని మార్టిన్‌పూరులో జరిగిన ఉజ్జీవం వలన ఆయన పేరు దేశమంతటా తెలిసింది. 1941లో మద్రాసులో యెహోవా షమ్మా అనే స్వతంత్ర సంఘాన్ని, 1950లో హైదరాబాదులో హెబ్రోనును స్థాపించాడు. పాశ్చాత్య మిషనులపై ఆధారపడకుండా, చందాల కోసం విజ్ఞప్తులు చేయకుండా సంఘాలను నడిపాడు. మిషను సంఘాల నుండి విడిపోయినందుకు క్రైస్తవులలోనే కొందరు ఆయనను విమర్శించారు. ఆ విధంగా ఆయన ఇంటివారి నుండే కాక స్వమతస్థుల నుండి కూడా నిందను భరించవలసి వచ్చింది.

హెబ్రోనులో ఏటా పరిశుద్ధ సమావేశాలు జరిగేవి. వేలాదిమంది పందిళ్ళలో చాపలపై కూర్చుని గంటల తరబడి ప్రసంగాలు వినేవారు. కుల, భాషా భేదం లేకుండా అందరూ ఒకే వరుసలో కూర్చుని భోజనం చేసేవారు. దీనికి ప్రేమవిందు అని పేరు. అంటరానితనం వలన నిత్యం అవమానాలు అనుభవించిన కుటుంబాలకు చెందినవారు తెలుగు క్రైస్తవులలో అధిక సంఖ్యలో ఉన్నారు. అటువంటివారికి ఈ సహపంక్తి భోజనం కేవలం ఆచారం కాదు. తమను చిన్నచూపు చూసిన సమాజానికి మాటలతో పనిలేని ఒక సమాధానం.

అంతిమ దశ

చివరి సంవత్సరాలలో భక్త సింగ్ పార్కిన్సన్స్ వ్యాధితో బాధపడ్డాడు. 2000 సెప్టెంబర్ 17న హెబ్రోనులో మరణించాడు. అంత్యక్రియలకు వేలాదిమంది తరలివచ్చారు. ఆయన సమాధి హైదరాబాదులోని నారాయణగూడ క్రైస్తవ శ్మశానవాటికలో ఉంది.