గాంధీగారి అణుబాంబు కథ

కంప్యూటర్లో యుద్ధం ఆటలు ఆడే పిల్లలున్న ఇంట్లో "అమ్మా, గాంధీ నా మీద అణుబాంబు వేశాడు!" అన్న కేక వినబడితే కంగారు పడకండి. కానీ మనసు చివుక్కుమనడం మాత్రం సహజమే. ఆ కేక వెనక ముప్పై ఏళ్ల చరిత్ర ఉంది. కాస్త ఓపిగ్గా వినదగ్గది.

1991లో అమెరికాలో సిడ్ మైయర్, బ్రూస్ షెల్లీ అనే ఇద్దరు "సివిలైజేషన్" అనే ఆట తయారుచేశారు. ఒక్క ఊరితో మొదలుపెట్టి, పొలాలు, చదువులు, సైన్యం పెంచుకుంటూ వేల ఏళ్లు రాజ్యం ఏలాలి. చదరంగానికైతే ఎదుట ఇంకో మనిషి కూర్చోవాలి. ఇందులో ఎదుటి రాజులందరినీ కంప్యూటరే ఆడిస్తుంది. రోమన్లకు సీజరు, మంగోలులకు చెంఘిజ్ ఖాన్, మన దేశానికి గాంధీ అని పేర్లు పెట్టి, ఒక్కొక్కరికీ ఎంత దూకుడు ఉండాలో ముందే రాసిపెట్టారు.

ఆట వచ్చిన ఇరవై ఏళ్లకు ఇంటర్నెట్‌లో ఒక కథ పుట్టింది. గాంధీ దూకుడుకు 1 అంకె ఇచ్చారట. ఆయన రాజ్యం ప్రజాస్వామ్యంలోకి మారగానే అందులోంచి 2 తీసేశారట. స్కూటరు మీటరు సున్నా దాటి వెనక్కి తిరిగితే తొమ్మిదులన్నీ వచ్చినట్టు, సున్నాకంటే తక్కువ అంకె రాయడం రాని కంప్యూటరు దాన్ని 255 చేసేసిందట. దాంతో శాంతిమూర్తి కాస్తా అందరికంటే ఉగ్రుడైపోయాడట.

వినడానికి ఎంత బాగుందో! కానీ ఇది కట్టుకథ. ఆ మొదటి ఆటలో దూకుడుకు ఉన్నవి మూడే మెట్లని, గాంధీతోపాటు మూడోవంతు రాజులు అన్నిటికన్నా కింది మెట్టు మీదే ఉన్నారని రెండో భాగానికి ముఖ్య రూపకర్త అయిన బ్రయన్ రేనాల్డ్స్ చెప్పాడు. అలాంటి పొరపాటే జరగలేదని సిడ్ మైయర్ 2020లో తన ఆత్మకథలో రాశాడు. బాంబు చేతికొచ్చాక ఏ రాజైనా దాని పేరు చెప్పి బెదిరిస్తాడు. ఆ బెదిరింపు మాటలు అందరికీ ఒకటే. అవే మాటలు చెంఘిజ్ ఖాన్ అంటే ఎవరికీ గుర్తుండవు, గాంధీ అంటే మరిచిపోలేరు.

అసలు చమత్కారం 2010లో జరిగింది. ఐదో భాగం తయారుచేసిన జాన్ షేఫర్, అణ్వాయుధాలు వాడే ఇష్టానికి పది వరకే ఉన్న కొలతలో గాంధీకి 12 వేశాడు. అదీ నవ్వులాటకు, తెలిసే చేసిన పని. కట్టుకథ బాగా పాకింది ఆ తర్వాతే. 2016లో వచ్చిన ఆరో భాగంలోనూ ఆ హాస్యాన్ని వదల్లేదు.

మన తెనాలి రామలింగడి సంగతీ ఇంతే కదా. ఆయన పేరున చెప్పుకునే కథల్లో చాలావాటికి చరిత్రలో ఆధారం లేదు. అయినా తరతరాలుగా చెప్పుకుంటూనే ఉన్నాం. కాకపోతే ఆ కథలు విన్న పిల్లలకు రామలింగడంటే ఇష్టం పెరుగుతుంది. ఈ కథ విన్న పిల్లల్లో కొందరికి గాంధీగారితో మొదటి పరిచయమే ఇది. పైగా "కంప్యూటరు పొరపాటు" అనగానే ఇక తప్పు ఎవరిదీ కాదన్నట్టు ఉంటుంది. నిజానికి ఆ 12 అంకె ఒక మనిషి కూర్చుని వేసిందే.

కాబట్టి పిల్లలు అలా కేక పెట్టినప్పుడు ఆట కట్టేయమని కసరకండి. ఎదుట ఆడుతున్నది గాంధీ కాదని, ఎవరో రాసిపెట్టిన అంకెలని చెప్పండి. హిరోషిమా మీద బాంబు పడిన మరుసటి ఏడాది, 1946లో, అసలు గాంధీగారు తన "హరిజన్" పత్రికలో అణుబాంబును ఖండిస్తూ రాశారని కూడా చెప్పండి. ఆ తర్వాత మళ్లీ ఆడుకోనివ్వండి.