కొవ్వుబుడగలో ఎఱ్ఱమందు

వియన్నా నగరపు చర్మవైద్యుడు మోరిట్జ్ కపోసి 1872లో ఒక వింత వ్యాధిని వర్ణించెను. ఈ వ్యాధిలో చర్మముపై ఊదారంగు మచ్చలు, బుడిపెలు లేచును. ఇవి రక్తనాళముల లోపలి పొరకు సంబంధించిన కణములనుండి పుట్టు క్యాన్సరు గడ్డలు. చాలకాలము అరుదుగా నుండిన ఈ వ్యాధి 1981లో అమెరికాలోని యువకులలో హఠాత్తుగా కనిపించెను. ఎయిడ్స్ రాకను వైద్యలోకమునకు తెలిపిన గుర్తులలో ఈ మచ్చలొకటి.

దీనికి మందు లేకపోలేదు. దక్షిణ ఇటలీలో కాస్టెల్ దెల్ మోంటె కోట చెంత మట్టిలో దొరికిన ఒక సూక్ష్మజీవి వంశమునుండి 1960ల చివర డాక్సోరుబిసిన్ అను ఎఱ్ఱని ఔషధము లభించినది. ఇది క్యాన్సరు కణముల డి.ఎన్.ఏ.లో దూరి వాని వృద్ధిని అరికట్టును. కాని మొత్తము మోతాదు పెరిగినకొలది గుండె కండరము చెడును. ఇతర కణములను విడిచి రోగకారకమునే కొట్టు "మంత్రపుగుండు"ను జర్మన్ శాస్త్రజ్ఞుడు పాల్ ఎర్లిష్ 20వ శతాబ్ది ఆరంభముననే ఊహించెను. ఈ మందు అట్టిది కాదు.

గుండెను కాపాడు ఉపాయము కోడిగ్రుడ్డు సొనలో నుండినదనిన విద్యార్థులు నవ్వవచ్చును. సొనలోని లెసితిన్ అణువునకు తల నీటిని కోరును, తోకలు నీటికి వెఱచును. అందుచే నీటిలో ఆ అణువులు తోకకు తోక చేర్చి రెండు వరుసలుగా నిలిచి, బుడగలై మూసికొనును. కేంబ్రిడ్జి సమీపమున బాబ్రహాంలో ఆలెక్ బాంగ్‌హాం, హార్న్ అను శాస్త్రజ్ఞులు 1960ల ఆరంభమున ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినితో ఈ బుడగలను చూచిరి. వీనికి లైపోసోములని పేరు. బాంగ్‌హాం వీనిలో జీవకణపు పొర నమూనాను చూచెను. 1971లో లండనులో గ్రెగొరియాడిస్, ఆయన సహచరులు వీనిలో ఒక ఎంజైమును నింపి, ఇవి ఔషధవాహనములు కాగలవని చూపిరి.

జెరూసలేములో బారెన్‌హోల్జ్, గాబిజోన్ అనువారు 1980లలో ఈ బుడగలలో ఎఱ్ఱమందు నింపి రోగులకిచ్చిరి. ఆ ప్రయత్నము విఫలమయ్యెను. కాలేయములోని భక్షకకణములు బుడగలను పట్టి మ్రింగెను. మందు దారిలోనే కారిపోయెను. నా దృష్టిలో ఈ చరిత్రలో ముఖ్యఘట్టము ఈ వైఫల్యమే. తరువాతి రెండు దిద్దుబాట్లు దీనినుండియే వచ్చినవి. బుడగపై పాలీఇథిలీన్ గ్లైకాల్ అను పొడవైన అణువులను మొలిపించిరి. నీటిని పట్టియుంచు ఆ నూగు వలన భక్షకకణములు దానిని త్వరగా గుర్తింపలేవు. లోపల అమోనియం సల్ఫేటు నుంచిరి. లోనికి వచ్చిన మందు విద్యుదావేశము పొంది, సల్ఫేటుతో కూడి స్ఫటికమగును. చేపలబుట్టలో వలె లోనికి త్రోవ కలదు, వెలికి లేదు. ఒక్కొక్క బుడగలో పదివేలకు మించిన మందు అణువులు పట్టెను.

బుడగ వ్యాసము సుమారు 80 నుండి 100 నానోమీటరులు; నానోమీటరనగా మీటరులో నూరుకోట్లవ వంతు. ఆరోగ్యమైన గుండె రక్తనాళముల గోడలనుండి అది సులభముగా వెలికి రాదు. గడ్డలలోని నాళములకు చిల్లులుండునని జపానులో మట్సుమురా, మయేడా 1986లో చూపియుండిరి. కావున ఈ బుడగ క్యాన్సరును గుర్తించి వెదకునది కాదు. రక్తములో దినములతరబడి తిరిగి, చిల్లులున్నచోట జారిపడును. 1995 నవంబరులో అమెరికా ప్రభుత్వము దీనిని, మొదట కపోసి వ్యాధికే, అనుమతించెను.

గుండెకు హాని తగ్గినది. కాని చిరకాలము రక్తములో తిరుగు బుడగలు అరచేతుల, అరికాళ్ల చర్మములోను చేరును. అచట ఎఱుపు, మంట, పొక్కులు కలుగును. అందుచే ఈ మందు పుచ్చుకొను రోగులను వేడినీటిని, బిగుతైన పాదరక్షలను కొన్నాళ్లు మానుడని వైద్యులు హెచ్చరింతురు.