క్రిస్లర్ ఎయిర్ రెయిడ్ సైరన్
అణుదాడి భయం ముదిరిన 1950లలో అమెరికా నగరాల కోసం క్రిస్లర్ సంస్థ తయారుచేసిన హెచ్చరిక సైరన్. దీన్ని నడిపేది కరెంటు మోటారు కాదు, 180 హార్స్‌పవర్ల వీ8 హెమీ పెట్రోలు ఇంజన్. అది తిప్పే కంప్రెసర్ నుంచి గాలి దూసుకొస్తుంది. గిర్రున తిరిగే చాపర్ ఆ గాలిని సెకనుకు వందలసార్లు తెంచి వదులుతుంది. మోత పుట్టేది అక్కడే. సైరన్‌కున్న ఆరు కొమ్ములూ ఆ మోతను ఒకే దిక్కుకు పంపుతాయి కనుక సైరన్ మొత్తం తిరుగుతూ మోగుతుంది. 100 అడుగుల దూరంలో 138 డెసిబెళ్లు. చెవులు నొప్పెట్టడానికి అంతకంటే కొంత తక్కువైనా చాలు! తరవాత ఈ సైరన్లు చాలావరకు తుక్కు కిందికి పోయాయి. మిగిలినవాటిలో కొన్నింటిని అభిమానులు బాగుచేసి మోగిస్తుంటారు. ఇయర్‌ప్లగ్గులు పెట్టుకుని, వాటిపైన ఇయర్‌మఫ్‌లు తగిలించుకున్నా, ఆ మోతకు గుండెలు అదురుతాయి. అభిమానులు దాన్ని వినడానికి వచ్చేదీ అందుకే.